సముద్రం కన్నా ముందు సాగర్

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అప్పటికి హైటెక్ సిటీ కరెంటు వాడకం విద్యుత్ సంస్థ ప్రత్యేకంగా లెక్కవేసుకోవాల్సినంత పెద్దది కాదు. ఇవాళ మాదాపూర్ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట దాకా పరుచుకున్న ఈ ఐటీ కారిడార్ అవసరాలకు రాయదుర్గంలోనే 400 కేవీ సబ్‌స్టేషన్ కట్టాల్సి వచ్చింది. ఈ ప్రాంతపు వాడకానికి ఒక ప్రత్యేకత ఉంది. అది పొద్దుగూకితే పడుకోదు. అమెరికా ఖాతాదారుల పగలు మన రాత్రి. సర్వర్లకూ వాటిని చల్లబరిచే యంత్రాలకూ రాత్రీ పగలూ ఒకటే. తెలంగాణ మొత్తం మీద గరిష్ఠ డిమాండ్ 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. రాష్ట్రంలో సౌర విద్యుత్ సామర్థ్యం 4 వేల మెగావాట్లకు మించి ఉన్నా, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు అందులో మనకు దక్కేది శూన్యం. అందుకే ఈ కారిడార్‌లోని కంపెనీలు ప్రకటించుకున్న హరిత లక్ష్యాలు నిజం కావాలంటే కొత్త సోలార్ పలకలు ఎన్ని పెట్టారన్నది సగం ప్రశ్న మాత్రమే. మధ్యాహ్నపు కరెంటును రాత్రికి ఎక్కడ దాచాలి అన్నది మిగతా సగం, అసలు కష్టమైన సగం.

ఈ ప్రశ్నకు ఇంజినీర్లు ఇస్తున్న సమాధానాల్లో బాగా ఆకట్టుకునేది సముద్రగర్భ నిల్వ. సూత్రం సులువైనదే. కాంక్రీటుతో పెద్ద బోలు గోళం పోతపోసి వందల మీటర్ల లోతున సముద్రం అడుగున ఉంచుతారు. కరెంటు మిగిలినప్పుడు పంపుతో గోళంలోని నీటిని బయటికి తోడేస్తారు. కరెంటు కావలసినప్పుడు కవాటం తెరిస్తే, పైనున్న సముద్రపు బరువుకు నీళ్లు లోపలికి దూసుకొస్తూ టర్బైన్‌ను తిప్పుతాయి. 700 మీటర్ల లోతున ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి 70 రెట్లు. కొండ అక్కర్లేదు, లోయ అక్కర్లేదు, ఊళ్లు ఖాళీ చేయించాల్సిన పని లేదు. జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2016లో కాన్‌స్టాన్స్ సరస్సులో 100 మీటర్ల లోతున 3 మీటర్ల వ్యాసమున్న గోళంతో ఇది పనిచేస్తుందని చూపించింది. తర్వాతి మెట్టుగా కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ తీరానికి దగ్గర్లో, 500–600 మీటర్ల లోతున, 9 మీటర్ల వ్యాసం, 400 టన్నుల బరువు ఉండే గోళాన్ని దించే ప్రయత్నం మొదలైంది. ఆ గోళంలో పట్టేది 400 యూనిట్లు. అంతిమంగా వాళ్లు కోరుకుంటున్నది 30 మీటర్ల వ్యాసపు గోళాలను, ఒక్కొక్కటి సుమారు 20 వేల యూనిట్లు దాచేవాటిని, గుంపులుగా అడుగున పేర్చడం. ఇందులో భౌతికశాస్త్రం తప్పేమీ లేదు. లెక్క వేసుకుని చూసినా అంకె సరిపోతుంది. తేలాల్సింది ఆ యంత్రం అక్కడ ఏళ్ల తరబడి తిరుగుతుందా, ఆగిపోతే దాని దగ్గరికి ఎవరు వెళ్తారు అన్నది.

ముందు బరువు సంగతి చూద్దాం. లోపల 30 మీటర్ల వ్యాసం ఉన్న గోళంలో 14 వేల ఘనపు మీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది. నీళ్లు తోడేసిన ప్రతిసారీ అది 14 వేల టన్నులకు మించిన బలంతో పైకి తేలాలని చూస్తుంది. కదలకుండా ఉండాలంటే ఆ మేరకు గోడకు బరువుండాలి. నీటిలో ఒక ఘనపు మీటరు కాంక్రీటు నికర బరువు 1.4 టన్నులకు మించదు కాబట్టి కనీసం 10 వేల ఘనపు మీటర్ల కాంక్రీటు, అంటే దాదాపు 25 వేల టన్నులు కావాలి. టన్ను కాంక్రీటు పోస్తే ఒక విడతకు ఒక్క యూనిట్ కూడా పూర్తిగా రాదన్నమాట. రాత్రి 6 గంటల పాటు 100 మెగావాట్లు లాగే డేటా సెంటర్ ఒకటి ఉందనుకుంటే, దానికి 6 లక్షల యూనిట్లు, అంటే ఇలాంటి గోళాలు 30 కావాలి. వాటిని తీరంలో పోతపోసి, తేలించి, నౌకలతో లాక్కెళ్లి, నిటారుగా దించి, నేల మీద కుదురుగా కూర్చోబెట్టాలి. బరువు తగ్గించుకుందామని లంగరు స్తంభాలు దిగ్గొడదామంటే మన కృష్ణా–గోదావరి తీరం అవతల సముద్రం అడుగు మెత్తటి ఒండ్రు బురద. నదులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన మట్టి. అదే మట్టి పొరల్లో 2006 నాటి అన్వేషణలో మీథేన్ హైడ్రేట్లు కూడా బయటపడ్డాయి. అలాంటి నేల మీద 25 వేల టన్నుల గోళాల వరస పెట్టాలంటే అడుగడుగునా నేల పరీక్ష తప్పదు. అయినా కాంక్రీటు ఈ ఆలోచనను చంపే విషయం కాదు. గోళం 50 ఏళ్లు నిలుస్తుందని రూపకర్తలు అంటున్నారు. రోజూ నింపి ఖాళీ చేస్తే ఆ టన్ను కాంక్రీటు తన ఖర్చు తాను రాబట్టుకోగలదు.

గోళం నిలిచినంత కాలం దానిలోని పంపు నిలవదు, ఇబ్బంది అక్కడుంది. పంపుకు తిరిగే ఇరుసు ఉంటుంది. ఇరుసు చుట్టూ సీలు ఉంటుంది. దానికి ఒక పక్క 70 వాతావరణాల ఉప్పునీరు, ఇంకో పక్క దాదాపు శూన్యం. గోళం ఖాళీ అవుతున్న కొద్దీ పంపు లోపలి వైపు పీడనం పడిపోయి, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ రెక్కల లోహాన్ని కొరికేస్తాయి. నాచు, గవ్వ జీవులు అంత లోతున తక్కువే గానీ ఉప్పు, తుప్పు ఎక్కడికీ పోవు. అందుకే పంపునూ మోటారునూ విడదీసి పైకి లాగే వీలుండేలా రూపొందిస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ దాన్ని లాగడానికి రిమోట్ వాహనాలున్న ప్రత్యేక నౌక రావాలి. ఒక గోళం రోజుకొకసారి నిండి, యూనిట్ 5 రూపాయలకు అమ్ముడైతే దాని మీద రోజుకు వచ్చేది లక్ష రూపాయలు. అలాంటి నౌకకు రోజుకు 40 లక్షలు అనుకుందాం. 10 రోజుల మరమ్మతుకు 4 కోట్లు. ఆ గోళం ఏడాదికి పైగా సంపాదించేదంతా ఒక్క రిపేరుకు పోతుంది. కాకినాడ తీరానికి అవతల కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్‌లో రిలయన్స్ గ్యాస్ కోసం 2009 నుంచి, ఓఎన్‌జీసీ లోతట్టు బ్లాకులో చమురు కోసం 2024 జనవరి నుంచి వందల మీటర్ల లోతున ఇలాంటి పనులు చేస్తూనే ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. చేస్తున్నాయి. ఆ నైపుణ్యం మన తీరంలోనే ఉండటం గర్వించదగ్గ విషయం కూడా. అయితే ఒక బావి నుంచి వచ్చే గ్యాస్, చమురు విలువ ఆ నౌకల అద్దెను మోయగలదు. రోజుకు లక్ష రూపాయల కరెంటు మోయలేదు. పైగా బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో తుపాన్ల కాలం. 700 మీటర్ల లోతున గోళానికి తుపాను తగలకపోవచ్చు. దాన్ని బాగుచేయడానికి వెళ్లాల్సిన నౌకకు తగులుతుంది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది, అదీ మన కారిడార్‌లో పెద్ద క్యాంపస్ ఉన్న కంపెనీ అనుభవం నుంచే. మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లండ్‌లోని ఆర్క్నీ దీవుల దగ్గర 864 సర్వర్లను ఒక ఉక్కు గొట్టంలో పెట్టి, నైట్రోజన్ నింపి, 35 మీటర్ల లోతున సముద్రంలో దించింది. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే, నేల మీది డేటా సెంటర్‌లో చెడిపోయే వాటితో పోలిస్తే ఎనిమిదో వంతు సర్వర్లే చెడిపోయాయి. నైట్రోజన్‌తో పాటు మనిషి చేయి పడకపోవడం కూడా మేలు చేసి ఉండవచ్చని అప్పుడు చెప్పారు. మరి పంపు విషయంలో అందుబాటు ఎందుకంత ముఖ్యం? సర్వర్ పని నీటితో కాదు. దానికి సముద్రం అంటే చుట్టూ ఉన్న చల్లదనం మాత్రమే. 864లో కొన్ని పోయినా మిగతావి పని చేస్తాయి, పోయినవాటిని అలా వదిలేయవచ్చు. గోళంలోని పంపు పనే సముద్రంతో. అది ఆగితే 25 వేల టన్నుల కట్టడం మొత్తం ఆగినట్టే. పైగా అంత మంచి ఫలితం వచ్చాక కూడా మైక్రోసాఫ్ట్ తన డేటా సెంటర్లను సముద్రంలోకి తీసుకెళ్లలేదు. కెనడా కంపెనీ హైడ్రోస్టోర్ దారి ఇంకా స్పష్టం. 2015లో టొరంటో దగ్గర ఒంటారియో సరస్సు అడుగున సంచుల్లో గాలిని నొక్కి నిల్వచేసి చూపించిన ఆ సంస్థ, తర్వాతి ప్రాజెక్టులకు ఒడ్డుకు వచ్చేసింది. ఇప్పుడు భూమి కింద రాతి గుహల్లో గాలి దాస్తోంది. నీటి ఒత్తిడిని వాడుకోవడం మానలేదు. యంత్రాలను మాత్రం మనుషులు చేరగల చోట పెట్టుకుంది.

యంత్రం మనిషికి అందనంత దూరంలో ఉంటే ఏమవుతుందో మనం నేల మీదే, బాధగా, నేర్చుకున్నాం. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. లోపలికి వెళ్లే దారి సొరంగమే. అది పొగతో నిండిపోయింది. సహాయ బృందాలు గంటల తరబడి లోపలికి చేరలేకపోయాయి. ఇంజినీర్లు, సిబ్బంది కలిపి తొమ్మిది మంది చనిపోయారు. సంక్షోభంలో యంత్రాలను కాపాడాలని లోపలే ఉండిపోయిన వాళ్లు వారిలో ఉన్నారు. రెండు నెలలు గడిచాక గానీ తొలి యూనిట్లు మళ్లీ తిరగలేదు. 2022 జులై గోదావరి వరదల్లో కాళేశ్వరం పథకంలోని కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు నీట మునిగాయి. ఆ భారీ మోటార్లను ఆరబెట్టి, విప్పి, బిగించడానికి నెలలు పట్టింది. రోడ్డు ఉన్న చోట, క్రేన్ ఉన్న చోట, వందల మంది మనుషులు దిగగలిగిన చోట ఇంత కాలం పడితే, నౌక తప్ప దారి లేని చోట ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. విద్యుత్ నిల్వ కేంద్రం విలువ అది ఎన్ని యూనిట్లు పట్టుకోగలదన్న దాని మీద కాదు, ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుందన్న దాని మీద ఉంటుంది. తిరిగే రోజులను నిర్ణయించేది మరమ్మతు. సముద్రగర్భ నిల్వను ఈ ఒక్క తూకంలో పెట్టి చూస్తే అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఇక మన దగ్గరున్నదేమిటో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల దూరంలో నల్లమల గుండెలో అదే శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్లవి 6 యూనిట్లు ఉన్నాయి. ఆరూ రివర్సిబుల్ యంత్రాలు. నీళ్లు దిగినప్పుడు టర్బైన్లు, ఎత్తాల్సి వచ్చినప్పుడు పంపులు. కింద నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్ల తరహావి మరో 7 రివర్సిబుల్ యూనిట్లు. దేశంలో పంపింగ్ రీతిలో పనిచేయగలవని 2023 ప్రాంతంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కవేసిన 3,300 మెగావాట్లలో దాదాపు సగం, 1,605 మెగావాట్లు, కృష్ణ మీది ఈ రెండు చోట్లే ఉంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ఒక టీఎంసీ నీళ్లు ఆ ఎత్తు దిగితే 50 లక్షల యూనిట్ల పైనే కరెంటు. ఆ ఆరు యంత్రాలూ 6 గంటలు పూర్తి సామర్థ్యంతో తిరిగితే 54 లక్షల యూనిట్లు. అంటే రాత్రిపూట ఒక టీఎంసీ కిందికి వదిలి, మర్నాడు మధ్యాహ్నం సౌర విద్యుత్‌తో ఏడెనిమిది గంటల్లో తిరిగి పైకి ఎత్తితే, సముద్రం అడుగున 250కి పైగా గోళాలు చేసే పని జరుగుతుంది. డ్యాములు కట్టేశాం, కొండ తొలిచేశాం, లైన్లు వేసేశాం. జనరేటర్ చెడితే లారీ వెళ్తుంది. అయినా రోజూ ఎత్తిపోసే రీతి ఏడాది పొడవునా ఇక్కడ ఎన్నడూ స్థిరపడలేదు.

కారణం యంత్రాల్లో లేదు, నీళ్లలో ఉంది. పంపు పైకి ఎత్తాలంటే దాని దగ్గర నీళ్లు నిలిచి ఉండాలి. తగినంత లోతు మునగకపోతే పైన చెప్పిన ఆవిరి బుడగల బెడదే ఇక్కడా. సాగర్ నిండుగా ఉంటే దాని వెనుక జలాలు శ్రీశైలం పాదం దాకా వస్తాయి. సాగర్ తగ్గితే శ్రీశైలం పంపులకు అందేది ఉండదు. సాగర్ యూనిట్లకు నీళ్లు నిలిపేది దిగువన సత్రశాల దగ్గరి టెయిల్‌పాండ్. అది ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది. యంత్రాలు ఒక రాష్ట్రానివి, చెరువు ఇంకో రాష్ట్రానిది. గుజరాత్‌లోని సర్దార్ సరోవర్‌లో 1,200 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు పెట్టి కూడా కింది జలాశయం సమస్యతో ఏళ్ల పాటు పంపింగ్ చేయలేకపోవడం ఇలాంటిదే. ఇక్కడ దానికి తోడు అపనమ్మకం. 2021 వేసవి చివర తెలంగాణ శ్రీశైలంలో విద్యుదుత్పత్తి చేస్తే, మట్టం పడిపోయి పోతిరెడ్డిపాడు కాలువకు నీళ్లు అందవని, రాయలసీమకూ చెన్నై తాగునీటికీ దెబ్బ అని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. 2023 నవంబరు 30న సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆంధ్రప్రదేశ్ భయం అర్థం లేనిది కాదు. కరెంటు కోసం కిందికి వదిలిన నీళ్లు తిరిగి రావని అనుభవం చెబుతుంటే ఎవరైనా అడ్డు చెప్తారు.

అందుకే చేయాల్సిన పని ఒకటుంది. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఆధ్వర్యంలో ఎత్తిపోతకు వేరే నీటి ఖాతా తెరవాలి. రాత్రి వదిలిన ప్రతి టీఎంసీ మర్నాటి సాయంత్రం లోపు శ్రీశైలానికి తిరిగి చేరాలి. చేరకపోతే ఆ మేరకు తెలంగాణ వాటా నుంచి కోత పడాలి. రెండు చివర్లా టెలిమెట్రీ మీటర్లు ఉండాలి, అంకెలు రెండు రాష్ట్రాలకూ ఒకేసారి కనిపించాలి. ఎత్తిపోతలో నీళ్లు ఖర్చయ్యేది ఆవిరయ్యే మేరకే కాబట్టి ఇలాంటి ఖాతాలో తేడా దాగదు. టెయిల్‌పాండ్‌నూ, వెనుక జలాలనూ నిలిపి ఉంచినందుకు ఆంధ్రప్రదేశ్‌కు సాయంత్రపు కరెంటులో వాటా ఇవ్వాలి. ఆ రాష్ట్రానికీ రాత్రి కరెంటు అవసరమే. ఎత్తడంలో నాలుగో వంతు నష్టం వస్తుంది కదా, 70 లక్షల యూనిట్లు ఖర్చు చేసి 54 లక్షలు తెచ్చుకోవడం ఏమి లాభం అని అడిగేవాళ్లున్నారు. మధ్యాహ్నం కొనేవాళ్లు లేక ఆపేయాల్సిన సౌర విద్యుత్‌ను వాడుతున్నప్పుడు ఆ నష్టం చిన్నదే. సముద్రపు గోళంలోనూ ఇంచుమించు అంతే పోతుంది.

బ్యాటరీలు చౌకవుతుంటే ఇవన్నీ ఎందుకన్నది మరో వాదన. బ్యాటరీలు కావాలి, ముఖ్యంగా కారిడార్ లోపలే, సబ్‌స్టేషన్ల పక్కనే, రెండు నుంచి నాలుగు గంటల పని కోసం. కానీ 2031–32 నాటికి దేశానికి కావలసిన 411 గిగావాట్ అవర్ల నిల్వలో 175 పంప్డ్ స్టోరేజీ నుంచే రావాలని జాతీయ విద్యుత్ ప్రణాళిక లెక్కకట్టింది. రెండింటిలో ఒకటి ఎంచుకోమని కాదు, రెండూ కావాలని. కొత్త పంప్డ్ స్టోరేజీ అంటే అడవి పోతుందన్న ఆందోళన మాత్రం నిజమైనదే. నీటి తగవుకైతే నంద్యాల జిల్లా పిన్నాపురం ఒక జవాబు చూపిస్తోంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే గ్రీన్‌కో అక్కడ నదికి దూరంగా పైన ఒకటి, కింద ఒకటి జలాశయాలతో 1,680 మెగావాట్ల కేంద్రాన్ని 2022 మేలో శంకుస్థాపనతో మొదలుపెట్టింది. ఒక్కసారి నింపుకుంటే చాలు. తర్వాత ఆవిరయ్యే నీళ్లే పోసుకోవాలి. నదీ జలాల తగవు అందులోకి రాదు. అయితే శ్రీశైలం, సాగర్‌లకు కొత్తగా ఒక్క చెట్టూ కొట్టనక్కర్లేదు. అందుకే వాటికి మొదటి స్థానం.

సముద్రగర్భ నిల్వను మూసిపెట్టమని కాదు ఈ వాదన. కేజీ బేసిన్‌లో లోతు ఉంది, నౌకలున్నాయి, మనుషులున్నారు. సముద్రపు వివరాలన్నీ సేకరించే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది, సముద్ర సాంకేతికతకు ఎన్‌ఐఓటీ చెన్నైలో ఉంది. ఒక చిన్న గోళాన్ని దించి, సీలు ఎన్ని నెలలు ఆగుతుందో, బురద ఎంత కుంగుతుందో, పంపు మార్చడానికి నిజంగా ఎన్ని రోజులు పడుతుందో కొలిచే పరీక్ష తప్పకుండా చేయాలి. కారిడార్‌లోని ఇంజినీరింగ్ డిజైన్ కేంద్రాలకు అది చేతినిండా పని. దాన్ని నమ్ముకుని రాత్రి కరెంటు ప్రణాళిక వేసుకోకూడదు, అంతే.

కంపెనీల వంతు ఇంకోటుంది. ఏడాది మొత్తంలో వాడినన్ని హరిత యూనిట్లు కొన్నామని చూపించే లెక్కలో, మధ్యాహ్నం కొన్న సౌర యూనిట్ అర్ధరాత్రి బొగ్గు కరెంటును కప్పేస్తుంది. గూగుల్ 2030 నాటికి ప్రతి గంటకూ కర్బనరహిత విద్యుత్ వాడతానని 2020లోనే చెప్పింది. హైదరాబాద్‌లో పనిచేసే పెద్ద సంస్థలన్నీ ఇక్కడి వాడకానికి గంటల వారీ లెక్క బయటపెట్టాలి. వాణిజ్య వినియోగదారులకు సౌర వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ధర ఉండాలని 2023 కేంద్ర నిబంధనలు చెప్పాయి. సాయంత్రం ఎక్కువ చెల్లించే ఆ తేడాయే ఎత్తిపోతకు ఆదాయం. ఐటీ సంస్థలు కలిసి పదేళ్ల పాటు రాత్రి కరెంటు కొంటామని తెలంగాణ జెన్‌కోతో ఒప్పందం రాసుకుంటే, రెండు ప్రభుత్వాలకూ కృష్ణా బోర్డు ముందు కూర్చోవడానికి గట్టి కారణం దొరుకుతుంది. బోర్డు తదుపరి సమావేశం ఎజెండాలో ఎత్తిపోత ఖాతాను మొదటి అంశంగా పెట్టాలని ఇద్దరు ముఖ్యమంత్రులూ లేఖ రాయాలి.